చింతపండు పులుసు తాగిన బట్టల మిషను

కలకత్తా పక్క సంత్రాగాఛి స్టేషను వెనక మా నాలుగంతస్తుల బిల్డింగుకి బోరు నీళ్ళే గతి. ఆ నీళ్ళకి కందిపప్పు ఉడకదు, గీజరు ఏడాది తిరక్కుండా పోతుంది, కెటిల్ అడుగున సున్నం కొట్టినట్టు తెల్లటి పెచ్చు కడుతుంది. అయినా నీళ్ళతో వేగగలం. మూడో అంతస్తు సోములుతోనే వేగలేం. రైల్వేలో స్టీమింజను బాయిలర్లు కడిగి రిటైరైన మనిషి. కింద గదిలో ఉండే రామమ్మ బట్టల మిషను ఉప్పు పట్టి వేడెక్కడం మానేస్తే, "నాకాడ మందుంది" అని మూడు రోజుల క్రితం తన ఇంటికి మోయించుకుపోయాడు. రామమ్మ స్టేషను దగ్గర లాడ్జికి దుప్పట్లు ఉతికి బతుకుతుంది. రేపు పొద్దున్నకి ముప్పై రెండు దుప్పట్లు అందించకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది.

ఆదివారం పొద్దున్న బిమల్ దా టీ కొట్టు బల్ల మీద సోములు, నేను, హైదరాబాదు నుంచి బ్యాంకు ఉద్యోగం మీద వచ్చిన లలిత్ కూర్చుని ఉన్నాం. రామమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"బావా, నా మిషను సంగతేటి?"

"కూకో రామమ్మా, కూకో. సెప్పకుండా ఎక్కడికి పోతాను? బిమల్ దా, ఈవిడకో చా! ఏటనుకున్నారు, ఎనక మూత విప్పి సూద్దును కదా, ఏడి చేసే కడ్డీ మీద ఉప్పు ఏలెడు మందం. ఏలంటే నీ ఏలు కాదు లలితూ, నా ఏలు. బాయిలర్లలో దీనికి పదింతలు గోకినోణ్ణి, నాకిదో లెక్కేటి? ఇత్తడి బిందెకి పట్టిన చిలుం దేంతో పోతాది? చింతపండుతో. మరి మిషను మాత్రం బిందె కాదేటి? కరెంటు బిందె. కేజీ చింతపండు నానేసి, పులుసు పిసికి, డ్రమ్ములో పోసి స్విచ్చేసీసాను."

"దానికి నిమ్మ ఉప్పు పౌడర్ దొరుకుతది కదా అంకుల్," అన్నాడు లలిత్.

"దొరుకుతాది, దొరుకుతాది! ప్యాకెట్టు చింపడం తప్ప మీకేటొచ్చు? ఇను ముందు. పావుగంట కాలేదు, లోపల టపటపమని పెచ్చులు రాల్డం మొదలు. గుప్పెడొస్తాదనుకున్నాను. బకెట్టు నిండింది. రెండో బకెట్టు నిండింది. ఆ తర్వాత ఏటయిందో తెల్సా? మూత తీద్దును కదా, పలక! తెల్లగా, నున్నగా, చపాతీ పీటంత. దాని కింద ఇంకోటి, వీధి గుమ్మమంత."

"గుమ్మమంత పలక గా మిషన్ల ఎట్ల పట్టింది?"

"మడతలెట్టుకుని ఉంది. దుప్పట్ల మిషను కాదేటి, దానికి మడతలు అలవాటే! ఏడు మడతలు. విప్పి డాబా మీద ఆరేస్తే ఎండకి కళ్ళు మూతలడిపోయాయి. ఆ ఎలుగు సూసి ఇద్దరు మేస్త్రీలు పరిగెట్టుకొచ్చారు, విక్టోరియా మెమోరియల్లో పాలరాయి అతుకులేసేవోళ్ళు. 'దాదా, ఏ గనిలోది?' అన్నారు. 'గనేటి, గాడిదగుడ్డేటి, రామమ్మ కడ్డీ మీదిది' అన్నాను. రెండు పలకలు మోసుకుపోయారు. ఈసారెళితే దక్షిణం పక్క గోడకి ముక్కానించి సూడండి, పులుసు వాసన కొట్టకపోతే నా పేరు సోములు కాదు."

"ఆరే బాప్‌రే, కాకూ!" అన్నాడు బిమల్ దా, పాలు పొంగుతున్నా చూసుకోకుండా.

"మిషను, బావా," అంది రామమ్మ. ఆమె ఇంకా కూర్చోలేదు. టీ ముంత చేతిలో అలాగే ఉంది.

"అక్కడికే వస్తన్నాను కదా! నోరు తిరగనివ్వరు, ఎలా సెప్పీది? ఆ రాయంతా ఊడిపోయాక మిషను బరువు తగ్గీసింది. నలుగురు మోసిన మిషన్ని ఒంటి చేత్తో ఎత్తాను. నీళ్ళు పిండే తిప్పుడు మొదలెట్టగానే ఏటయిందో తెల్సా? మామూలు మిషనైతే వొణుక్కుంటూ జానెడు జరుగుతాది. ఇది గడప దాటీసింది! మెట్లు దిగీసింది, ఒక్కొక్కటే, బుద్ధిగా. ఎనకాల నాను, లుంగీ ఎగ్గట్టుకుని."

"ప్లగ్గు ఊడొస్తది కదా అంకుల్. కరెంటు లేకుండ ఎట్ల తిరిగింది?"

"స్విచ్చాపగానే మీ ఇంట్లో ఫేను టక్కున ఆగుతాదేటి? ఆగదు. ఇదీ అంతే. కాపోతే వేగం ఎక్కువ. ఝీల్ చెరువు గట్టు పట్టుకుని పోతంది. దాని గొట్టంలోంచి పులుసు ధార కట్టి ఝీల్లో కలిసింది. సలికాలమని వచ్చి వాలిన బాతులు లేవూ, రెండొందల బాతులూ ఒక్కసారే కన్ను మూసి తెరిచాయి, ఆ పులుపుకి! నాను పిలుస్తన్నాను, 'ఆగే, ఆగే, రామమ్మకి ఏటని సెప్పుకోవాలే' అని. ఇంటేనా? స్టేషనుకెళ్ళి హౌరా లోకల్ ఎక్కీసింది. అదీ లేడీస్ పెట్టె! నన్నెక్కనిస్తారేటి? దింపీసారు."

లలిత్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. రామమ్మ మొహం చూశాక నవ్వడం ఆపేశాను.

"తర్వాతేటయింది?" అంది ఆమె.

ఆ మాటతో సోములుకి ఊపొచ్చింది.

"అలా అడుగు! హౌరాలో దిగి తిన్నగా గంగలోకి. తేలుకుంటూ ఏక్‌బాల్‌పూర్ దగ్గర ఓడల రేవుకి పోనాది. అక్కడో పెద్ద ఓడ, అడుగంతా ఉప్పు పట్టి కదల్లేక ఏడుస్తంది. నీ మిషను దాని కిందకెళ్ళి, ఇంకా మిగిలిన పులుసు పట్టించి, ఈ కొస నుంచి ఆ కొసకి తోమీసింది. కెప్టెను వొదలనంటాడు. సింగపూరు తీసుకుపోయి ఉద్యోగంలో పెట్టుకుంటానంటాడు. నాను ఫోన్లో గట్టిగానే అడిగాను రామమ్మా, 'పేదింటి మిషను, తిరిగిచ్చీ' అని. నెల్లాళ్ళు ఆగమన్నాడు."

"అయిపోయిందా బావా?"

"అయిపోడమేటి, సింగపూరులో..."

"నిన్న మధ్యాన్నం నువ్వు బజారుకెళ్ళినప్పుడు మీ ఆవిడ నన్ను పైకి పిలిచింది," అంది రామమ్మ. "మిషను మీ వంటింట్లో తువ్వాలు కప్పుకునుంది. అప్పే మెకానిక్కుని పిలిపించింది. విప్పి సూపించాడు. ఉప్పు పిసరంత ఊడలేదు. కడ్డీ మీద ఎంతుండీదో అంతే ఉంది. నీళ్ళు బయటికి తోసే పంపులో ఇవి ఇరుక్కుని మోటారు కాలిపోనాది."

కొంగు ముడి విప్పి బల్ల మీద పోసింది. చింతపిక్కలు. తొమ్మిది.

సోములు వాటివంక చూశాడు. ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"నాకు తెలిసి కూడా ఎందుకడిగానంటే, 'పాడు సేసీసాను రామమ్మా' అని ఒక్క ముక్క అంటావేమోనని," అంది ఆమె. మిగతా పిక్కలన్నీ అతని ముందుకి తోసింది. "నువ్వేమో దాన్ని ఓడెక్కించావు. కొత్త మోటారు గురువారం దాకా రాదు. లాడ్జివోడు రేపటికి మించి ఆగడు. ముప్పై రెండు దుప్పట్లూ పై డాబా మీద నానేసి వచ్చాము, అప్పా నానూ. పదహారు నావి, పదహారు నీవి. లే."

"తప్పయిపోనాదే," అన్నాడు సోములు చివరికి, నేల చూస్తూ. లేచాడు, మళ్ళీ ఆగాడు. "అది కాదు రామమ్మా, ఈ నీళ్ళలో సబ్బు నురగే రాదు కదా. పదహారు దుప్పట్లంటే సేతులు పగిలిపోతాయి."

"మిషను కొనకముందు పదకొండేళ్ళు నాను ఉతికింది ఈ నీళ్ళల్లోనే, బావా," అంది రామమ్మ. "నాకు వచ్చిందేటి నురగ? పద, ఎండ పోతాది."