కెనడా పేరు చెప్పి బాన్సువాడ కోసం పోరాడిన శ్రీ దేవిదాస్ గారు

ఫసలీ పదమూడు వందల నలభైవ సంవత్సరం ఆజూరు మాసం మొదటి తేదీన, అనగా 1930 అక్టోబరు ఆరున, సోమవారం ఉదయం, శ్రీ దేవిదాస్ గారు బాన్సువాడ పట్టణ కమిటీ కచేరీలో గుమాస్తాగా ప్రవేశించారు. ఆనాటి నుంచి ఈ 1949వ సంవత్సరం దాకా వారితో కలిసి పనిచేసినవారిలో వారిని గౌరవించనివారు లేరు. వారితో విసిగిపోనివారూ లేరు. అభినందన వ్యాసంలో ఈ రెండో మాట ఉండవచ్చునా అని సంచిక సంపాదకులు సందేహించారు. అది లేకపోతే ఈ వ్యాసం మరెవరి గురించో అయిపోతుందని, ఇన్నేళ్లూ వారి పక్క మేజా దగ్గర కూర్చున్నవాని సవినయ సమాధానం.

కచేరీకి రాకముందు వారు నిజాంసాగరు ఆనకట్ట పనిలో కూలీలకు హాజరు వేసేవారు. అక్కడి ఇంజనీర్ల వెంట తిరిగి తిరిగి ఇంగ్లీషు నేర్చుకున్నారు. ఆ ఇంగ్లీషే తరువాత అందరి ప్రాణాల మీదికి తెచ్చింది. ఆనకట్ట కట్టినన్నాళ్లు మన బజారు కళకళలాడింది. వేలమంది కూలీలు తిండికీ, బట్టకూ, బీడీకీ బాన్సువాడ వైపే చూసేవారు. పని ముగిసింది, కూలీలు వెళ్లిపోయారు. కాలువ నీళ్లతో పండిన వడ్లైనా మన బజారుకు వస్తాయనుకుంటే, కొన్నేళ్లకు రైలు మన ఊరికి రాకుండా బోధనుకు పోయింది, వడ్ల బండ్లు దాని దారి పట్టాయి. ఒక్కొక్క దుకాణానికీ తాళం పడుతుంటే, కచేరీ కిటికీలోంచి చూస్తూ కూర్చోవడమే మా ఉద్యోగమైంది.

బండ్లు తగ్గేసరికి కమిటీకి వచ్చే బండి పన్ను తగ్గింది. దానికి పై నుంచి వచ్చిన విరుగుడు ఏమిటయ్యా అంటే, బండి పన్ను పెంచమని హుకుం! ఆ నోటీసు రాయవలసిన వంతు దేవిదాస్ గారిది. వారు కలం కింద పెట్టి, అప్పటి పెద్ద గుమాస్తా రాందాస్ గారి ముందు నిలబడ్డారు.

"బండ్లు రాకనే కద సాబ్ ఆమ్దానీ పోయింది. పన్ను పెంచితే వచ్చేటి నాలుగు బండ్లు గూడ రావు గద?"

"నీకెందుకయ్యా గా ఫికర్? రాయమన్నది రాయి," అన్నారు రాందాస్ గారు.

దేవిదాస్ గారు రాశారు. వారి దస్తూరీ ఎంత అందమైనదంటే, ఆ పాడు నోటీసును కూడా జనం నిలబడి చూశారు. కాని ఆ పూట నుంచి ఆ పన్ను వారి గొంతులో ముల్లయి కూర్చుంది. దాన్ని తగ్గించాలి, బజారును నిలబెట్టాలి: ఈ ఒక్క కోరిక తప్ప మరొకటి వారి నోట మేము వినలేదు. విని విని మా చెవులు చిల్లులు పడ్డాయి.

ఊరివారందరూ కూర్చుని ఈ సంగతి మాట్లాడుకుంటే బాగుండునని వారు తలచారు. ఆ రోజుల్లో ప్రభుత్వ విషయాల మీద సభ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి. వర్తకుల చేత దరఖాస్తు పెట్టించారు, తిరిగి వచ్చింది. భాష మార్చి మళ్లీ పెట్టించారు, మళ్లీ వచ్చింది. పన్ను గురించి పన్ను కట్టేవాడు మాట్లాడకూడదట! మరి ఎవరు మాట్లాడాలో ఆ కాగితాల్లో ఎక్కడా లేదు.

ఇంతలో కెనడా వచ్చిపడింది. నస్రుల్లాబాద్ దారిలో చిన్న దవాఖాన నడిపే కెనడా దొరసాని ఒకరు, తమ దేశం నుంచి వచ్చిన పాత వార్తాపత్రికలను కట్టలుగా మన కచేరీకి పంపేవారు. మేము వాటిలో భోజనం మూటలు కట్టుకునేవాళ్లం. దేవిదాస్ గారు మూటలు విప్పించి మరీ చదివారు. అక్కడ ఒక పట్టణంలో కర్మాగారం మూతపడిందట. పని పోయినవారి పోషణ పట్టణ సంఘం మీద పడిందట. ఆ ఖర్చు కోసం మిగిలిన ఇళ్ల మీద పన్ను పెంచితే, ఉన్నవాళ్లు కూడా సామాను సర్దుకుని పోయారట. ఈ భారం ఎవరు మోయాలన్న వాదంలో పట్టణం రాష్ట్రాన్ని చూపిస్తే, రాష్ట్రం ఒట్టావాలోని పెద్ద ప్రభుత్వాన్ని చూపిస్తుంది. పెద్ద ప్రభుత్వం వేలు తిప్పి మళ్లీ పట్టణాన్నే చూపిస్తుంది. అది చదివి దేవిదాస్ గారు కచేరీలో కూర్చుని పకపకా నవ్వారు. అంతకు ముందు వారు నవ్వగా మేము చూడలేదు.

వెంటనే కొత్త దరఖాస్తు తయారైంది. విషయం: 'కెనడా దేశమున పట్టణముల ఆర్థిక క్షీణత.' వారం తిరక్కుండా అనుమతి వచ్చింది. విద్యావిషయకం కనుక అభ్యంతరం లేదట!

శుక్రవారం సెలవు. మధ్యాహ్నం వడ్ల గోదాములో సభ. గోదాము ఎలాగూ ఖాళీయే. సర్కారుకు వ్యతిరేకంగా ఎవరేమన్నా రాసుకొమ్మని ఠాణా నుంచి జవాను ఫూల్‌సింగ్ గారిని పంపారు. వారు తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నారు. దేవిదాస్ గారు ఆ కెనడా పట్టణం కథ చెప్పి ముగించగానే, ధాన్యం వర్తకులు లక్‌పతి సేఠ్ గారు లేచారు.

"ఊరు ఎండిపోతున్నదని గా కెనడ సర్కారుకు ఎరుకేనా?"

"ఎరుకే సేఠ్."

"ఎరుకుండి పన్ను పెంచిన్రా? తూ! మనుషులేనా వాళ్లు?"

ఫూల్‌సింగ్ గారు కలం ఎత్తారు. సేఠ్ గారు అటు తిరిగి, "కెనడ ముచ్చట జమాదార్ సాబ్. కెనడ అని మంచిగ రాసుకో," అన్నారు.

బండి తోలే ఎల్లన్న గారు అక్కడి బండ్లకు ఎడ్లుంటాయా అని అడిగారు. మోటార్లుంటాయని తెలుసుకుని, "మోటారోనికే గింత గోస అయితే ఎడ్లోని గతేం గావాలె?" అని కూలబడ్డారు. అప్పుడు బజారులో బండివాళ్లకు బీడీలు అమ్ముకునే గంగాబాయి గారు మూలనుంచి లేచి, "గా ఊర్లె నా అసొంటి ఆడోళ్లు ఏమైన్రన్నా? బండ్లు రాకపోతే వాళ్లేం తిని బతికిన్రు?" అన్నారు.

"కాయితంల రాయలేదు చెల్లె," అన్నారు దేవిదాస్ గారు.

"గది రాయనిది గదేం కాయితం!"

గోదామంతా గొల్లుమంది. ఫూల్‌సింగ్ గారి తమ్ముడికీ బండి ఉంది. సభ చివర ఆయనే స్టూలు మీంచి లేచి, "నిజంగ చెప్తున్న, గా కెనడ సర్కారుకు దిమాగ్ ఖరాబైంది," అని, తన మాట తానే రాసుకోవడం మరిచిపోయారు.

ఇక చూడండి మా అవస్థ! బిచ్కుంద నుంచి కూడా జనం కెనడా సభలకు రావడం మొదలుపెట్టారు. సంతలో ఇద్దరు కలిస్తే కెనడా. కచేరీలో కాగితం కదలకపోతే 'ఒట్టావాకు పోయింది' అనేవారు. వారమంతా బండి పన్ను రసీదులు రాసిన చేత్తోనే దేవిదాస్ గారు శుక్రవారం కెనడా పన్నును ఖండించేవారు. ఉద్యోగం పోతుందని మేము నెత్తీ నోరూ కొట్టుకున్నా చెవిన పెట్టలేదు.

ఒక శుక్రవారం పర్యటన మీద వచ్చిన పై అధికారి ఒకరు, ఈ విద్యావిషయక సభ ఏమిటో చూడాలని తామే విచ్చేశారు. అంతా విన్నారు. మధ్యవర్తిగా తీర్పు చెప్పమని దేవిదాస్ గారు ప్రార్థించారు. దొరగారికి ముచ్చటేసింది. "ఇందులో తీర్పేముంది? పడిపోయే ఊరి మీద పన్ను పెంచేవాడు బేవకూఫ్. అక్కడ నేనుంటే ఆ పూటే తగ్గించేవాణ్ణి," అన్నారు. చప్పట్లతో గోదాము రేకులు అదిరాయి.

అందరం నవ్వుకుంటూ ఇళ్లకు పోయాం. దేవిదాస్ గారు మాత్రం నవ్వలేదు, నమ్మారు. మర్నాడు ఉదయం, హుజూర్ వారు నిన్న సెలవిచ్చిన అభిప్రాయాన్ని అనుసరించి బాన్సువాడ బండి పన్ను తగ్గించవలసిందిగా ఉత్తరువు తయారుచేసి, సంతకానికి పట్టుకుపోబోయారు. రాందాస్ గారు వాకిట్లో అడ్డంపడ్డారు.

"నీ కాళ్లు మొక్కుత దేవిదాస్, గా కాయితం పెట్టకు. ఆయన అన్నది కెనడ గురించయ్యా!"

"కెనడకు ఒక న్యాయం, బాన్సువాడకు ఒక న్యాయం ఉంటదా సాబ్? పెద్ద మనిషి. అందరి ముంగట అన్నడు. అన్నంక చెయ్యడా?"

లోపలికి వెళ్లారు. వెళ్లినంత వేగంగానే బయటికి వచ్చారు. పక్షం తిరగకుండా జుక్కల్ నాకాకు బదిలీ అయింది, అదే బండి పన్ను అక్కడ ఎండలో నిలబడి వసూలు చేయడానికి! సామాను బండికెత్తుతూ వారి ఇల్లాలు లలితమ్మ గారు అన్న మాట ఇప్పటికీ మన కచేరీలో చెప్పుకుంటాం: "కెనడ ఊరు మునిగితే మనం జుక్కల్ పోవుడేందయ్యా?"

జుక్కల్‌లో నాలుగేళ్లు. పొరుగు ఊళ్ల నుంచి వచ్చే మరాఠీ బండివాళ్ల దగ్గర వారు దమ్మిడీ వదలకుండా పన్ను వసూలు చేశారు, ఎవరి దగ్గరా ఒక్క బీడీ పుచ్చుకోలేదు. కాని పన్ను కట్టినవాడు పోతానంటే పోనిచ్చేవారు కాదు. కెనడా కథ విని, అర్జీ ఎట్లా పెట్టుకోవాలో నేర్చుకుని పోవాలి. నాకా దగ్గర బండ్లు బారులు తీరేవి. విసుగెత్తి వాళ్లే పైకి మొరపెట్టుకుంటే, చివరికి ఆ మొర మీదనే వారిని తిరిగి బాన్సువాడకు పంపారు. తరువాత పెద్ద గుమాస్తా పదవి వారిని వరించింది. వారి హయాంలో ఏ బీదవాని దరఖాస్తూ మేజా మీద నిద్రపోలేదు. వారి మూలంగా మాకూ నిద్ర లేకపోయింది.

నిరుడు నిజాం పాలన పోయి రోజులు మారాయి. సభకు అనుమతి అక్కరలేదన్నారు. దేవిదాస్ గారు చిన్నపిల్లవాడిలా సంబరపడి, ఈ ఏడు వేసవిలో ఊరంతా డప్పు చాటింపు వేయించారు: బాన్సువాడ బండి పన్ను మీద బహిరంగ సభ! అదే గోదాము. కొత్తగా వచ్చిన అధికారి ముందు వరుసలో కూర్చున్నారు. తలుపు దగ్గర స్టూలు లేదు, జవాను లేరు. దేవిదాస్ గారు లేచి, "ఇగ మాట్లాడున్రి," అన్నారు.

ఒక్కరూ నోరు మెదపలేదు. ఎంతోసేపటికి లక్‌పతి సేఠ్ గారు లేచి గొంతు సవరించుకున్నారు. "అంటే సాబ్, కెనడల..."

"కెనడ కాదు సేఠ్!"

దేవిదాస్ గారు అరిచారు. జుక్కల్ పంపిననాడు కూడా గొంతు పెంచని మనిషి మేజా మీద గుద్ది అరిచారు. "ఇన్నేండ్లు గా పేరెత్తింది ఇగ చాలు. బాన్సువాడ అను. నోరు తెరిచి బాన్సువాడ అను!"

సేఠ్ గారు ఒకసారి తలుపు వైపు చూసి, కూర్చున్నారు. దేవిదాస్ గారూ కూర్చున్నారు. ఇన్నేళ్లూ ఊరికి మాట నేర్పాననుకుంటే దాక్కోవడం నేర్పానా అని వారికి దుఃఖం ముంచుకొచ్చింది. ఆ మాట పక్కనున్న మాతో పైకే అన్నారు.

అప్పుడు గంగాబాయి గారు లేచారు. తల నెరిసింది. బజారులో ఆమె అంగడి ఎత్తిపోయి చాలా కాలమైంది. "నా పేరు గంగాబాయి," అన్నారు. "నాది బాన్సువాడ. గీ బండి పన్నుతోని నా బతుకు ఆగమైంది. గీ పన్ను తియ్యున్రి. తియ్యకుంటే మల్ల సభ పెడ్తం, మల్ల వస్త. నా పేరు రాసుకోన్రి దొరా."

అధికారి తలెత్తి చూశారు. వెనుకనుంచి ఎల్లన్న గారు లేచి తన పేరూ ఊరూ చెప్పారు. ఉద్యోగం చాలించిన ఫూల్‌సింగ్ గారు లేచి చెప్పారు. ఆఖరున లక్‌పతి సేఠ్ గారు మళ్లీ లేచి, తడబడుతూనే, బాన్సువాడ అన్నారు. దేవిదాస్ గారు తువాలుతో ముఖం కప్పుకున్నారు.

కొత్త అధికారి అంతా విని, పరిశీలిస్తామని సెలవిచ్చారు. పరిశీలన నేటికీ సాగుతోంది. పన్ను అట్లాగే ఉంది. దేవిదాస్ గారి ఉద్యోగం మాత్రం ఈ నెలాఖరుతో ముగుస్తుంది. ఆ విషయంలో సర్కారు ఒక్క దినం కూడా ఆలస్యం చేయలేదు.

పూజ్యులు శ్రీ దేవిదాస్ గారికి, ఇన్నేళ్లూ మాకంటే ఎక్కువ విసిగి మాకంటే తక్కువ విసుక్కున్న శ్రీమతి లలితమ్మ గారికి కచేరీ వారందరి నమస్సులు. వారికి చల్లని చూపూ, గట్టి గొంతూ, నాకా దాకా నడిచివెళ్లి నిలబడగల మోకాళ్లూ భగవంతుడు ప్రసాదించుగాక. పన్ను తగ్గిన నాడు బజారులోకి వచ్చే మొదటి బండికి ఎదురు వెళ్లవలసినవారు వారే. ఇటువంటి సందర్భాల్లో అందరూ నిండు నూరేళ్లు కోరుతారు; మన కచేరీల నడక లోపలినుంచి ఎరిగిన మేము మాత్రం నూరు చాలవేమోనన్న భయంతో, ఇంకొంచెం ఎక్కువే అడుగుతున్నాం.