ఒక్క తల్లి పిల్లలు

వరంగల్ దవాఖానల, పసిపిల్లల వార్డు బయట అత్తాకోడళ్లు కూసున్నరు.

"డాక్టరమ్మ ఏమన్నది బిడ్డా?"

"తాగిన పాలు ఒంట్ల శక్తిగ మారుతలేవట అత్తా. పుట్టుకతోని వచ్చిన లోపమట, మందు లేదట. ఇగ దక్కడట, ఆఖరిసారి ఒళ్లె పెట్టుకొమ్మన్నది. నాకు ధైర్యం చాలుతలేదు."

"ఏమనుకోకు గని, నీ కడుపులనే ఏదో ఉన్నది."

"నా ఒక్కదాని నుంచి రాదట. నాది సగం, నీ కొడుకుది సగం కలిస్తెనే గిట్లయితదట. సగమే ఉన్నోళ్లకు ఏం కాదట."

"నా కొడుకుకేమైంది? మంచిగనే ఉన్నడు గద."

"నేను గూడ మంచిగనే ఉన్న. నాకు బాపు నుంచి వచ్చినట్టున్నది, ఆయనకు నీ నుంచి. నువ్వు, బాపు ఒక్క తల్లి పిల్లలాయె."

"మేనరికమే కావాల్నని నేనే పట్టుబడితి."

"నీ చిన్న కొడుకుకు నా చెల్లెను చేసుకోకు అత్తా. బాపు నా మాట ఇనడు, నీ మాట ఇంటడు. నీ కాళ్లు మొక్కుత."

"వరపూజ గూడ అయిపాయె. ఇప్పుడు పెండ్లి ఎట్ల ఆపుదు?"

"గీ పిలగాన్ని సూసినంక గూడనా?"

అత్త వార్డు తలుపు దిక్కు సూసింది.

"పాలు తాగినంక మూలిగిండా? ఒళ్లు సల్లబడ్డదా?"

"అవును. నీకెట్ల తెలుసు?"

"నా తొలుసూరు పిల్ల గట్లనే పోయింది. మీ మామ నాకు మేనబావనే గద. నా పాలల్ల ఇషమున్నదని మా అత్త అన్నది. ఇన్నేండ్లు నిజమే అనుకున్న."

"అత్తా..."

"మీ బాపుకు ఫోన్ కలిపియ్యి, నేను మాట్లాడుత. నువ్వు లోపటికి పోయి వాణ్ని ఎత్తుకో. నన్ను నా పిల్లను ఆఖరికి గూడ ముట్టుకోనియ్యలే."