అచ్చులో మారిన చెయ్యి

తలుపు వేసేయకండి అన్నగారూ. సిరా వాసన వీధి దాకా వస్తుంటే ఇంట్లో లేనని ఎలా చెప్పిస్తారు?

అచ్చయ్యాక ఆ కాగితం ఒక్కసారైనా చూశారా? మనవాళ్లు దొంగచాటుగా గోడగోడకూ అంటించారుగా, సిపాయిలు దాటకుండా వంతెన తగలబెడుతున్న ఆడదాని బొమ్మ. కాగడా ఏ చేతిలో ఉంది? చూడండి. ఎడమచేతిలో.

ఆ రాత్రి కాగడా పట్టింది నేను. నాది కుడిచేతి వాటం. ఈ గదిలోనే నన్ను నిలబెట్టి గీసుకున్నారు కదా. చూసింది చూసినట్టు రాగిరేకు మీద చెక్కేశారు. కాగితం మీద తిరగబడుతుందని మీకు నేను చెప్పాలా? కింద అక్షరాలు మాత్రం తిప్పి చెక్కారు. చెయ్యి తిప్పడం మరిచిపోయారు.

మొహం చూసి నన్నెవరూ పోల్చలేరు లెండి, అంత అందం పోశారు. జుట్టు అలా విరబోసుకుని వెళ్తే వంతెన కంటే ముందు నేనే అంటుకునేదాన్ని. అందుకే సిపాయిలు మొహం వదిలేసి చెయ్యి వెతికారు. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు చీపురిచ్చి ఊడవమన్నారు.

నా తోటికోడలు ఎడమచేత్తో ఊడ్చింది.

ఆ రాత్రి అది గడప దాటలేదు. జ్వరంతో ఉన్న నా పసిదాన్ని ఒళ్లో వేసుకుని కూర్చుంది. వంతెన దగ్గరున్నది ఎవరో దానికి తెలుసు. పట్టుకెళ్లినప్పటి నుంచీ కొడుతున్నారట. నా పేరు చెప్పలేదు. రేపు పొద్దున్నే కాల్చేస్తారట.

ఏమిటి? బొమ్మ తిరగబడిందని మీరొచ్చి చెబితే కుడిచేతివాళ్లందరినీ పట్టుకుంటారా? అదీ నిజమే. ఊరు ఊరంతా లోపలుంటుంది. మిమ్మల్నీ వదలరు. మిమ్మల్ని రమ్మనడానికి రాలేదు నేను.

ఆ రేకు ఇవ్వండి. ఊరికే వెళ్లి నేనే అంటే, తోటికోడలి కోసం అబద్ధమాడుతోందంటారు. రేకూ కాగితమూ పక్కపక్కన పెడితే ఎంత మొద్దుకైనా తెలుస్తుంది. ఆ తర్వాత ఇంకెవరినీ వెతకక్కర్లేదు వాళ్లకి.

ఎందుకలా వెనక్కి జరుగుతారు? వంతెన మీద నాకూ భయమేసింది. అది మీ బొమ్మలో లేదు, అంతే.

చెక్కిందెవరని అడుగుతారు. అడగనివ్వండి. నోరు విప్పకుండా ఉండటం మా ఇంటి కోడళ్లకు చేతనైన పనేనని ఈపాటికి వాళ్లకూ తెలిసుంటుంది.

ఇలా ఇవ్వండి. చీకటి పడితే జైలు ఫాటకం మూసేస్తారు.