ఎవరి మెడకి కట్టావ్?

బట్టల కొట్టు పై అంతస్తు. నిలువుటద్దం ముందు భర్త, అతని వెనకే భార్య, పక్కన మెళ్ళో టేపు వేసుకుని కొట్టు గుమస్తా.

"గడ్డం పైకెత్తండి. ఇంకొంచెం. కదలకండి మరి... ఆఁ, అయిపోయింది."

"అయిపోయిందా? అప్పుడేనా?"

"అద్దంలో చూసుకోండి."

"అబ్బ! ఏం చెయ్యి మేడమ్ మీది! ఈ కొట్లోనే జుట్టు నెరిసింది నాకు, బో టై కట్టమంటే ఇప్పటికీ చెమటలే. మీరు ఇలా పట్టి అలా తిప్పేశారు!"

"ఇదేమంత పని లెండి."

"అంత పని కాదంటారేంటి? వచ్చినవాళ్ళంతా హుక్కు టై పట్టుకుపోతారు సార్. తగిలించుకోవడమే కదా, తేలిక. కట్టే టై కావాలన్న మనిషిని చాన్నాళ్ళకి చూశాను. అదృష్టవంతులు మీరు."

"ఉండవయ్యా. ఏంటే ఇది? నీకిది కట్టడం ఎప్పుడొచ్చింది?"

"ఎప్పుడో. చేతులు ముందుకి చాపండి. చూశారా, కోటు చెయ్యి పొడుగైంది. కింద చొక్కా అంచు అరంగుళం కనపడాలి. గుమస్తా గారూ, కొంచెం పైకి మడిచి కుట్టించాలండీ."

"అవును మేడమ్, నేనూ అదే చెప్పబోతున్నా."

"ఎప్పుడో అంటే ఎప్పుడు?"

"ప్యాంటుకి బెల్టు పెట్టకూడదండీ. నడుం పట్టీ వస్తుంది. కోటు కాలరు మీద మెరుపు ఎలా ఉందో టై కూడా అలాగే మెరవాలి. ఇది సరిపోయింది."

"అడిగినదానికి చెప్పవేం?"

"ఏం అడిగారు?"

"టై కట్టడం ఎప్పుడు, ఎక్కడ నేర్చుకున్నావని."

"ఫోన్లో చూశా. వీడియోలుంటాయిగా."

"ఎప్పుడు చూశావ్?"

"మొన్న. మీకు కంపెనీ ఓడ టూరు వచ్చిందని తెలిశాక."

"మొన్న చూసి ఇవాళ ఇలా కట్టేశావా? నాకు మామూలు టై ముడి నేర్పడానికి మా నాన్నకి నెల పట్టింది."

"అది మీ నాన్నగారి ఓపిక."

"మేడమ్ కట్టిన పద్ధతి చూస్తే వీడియో చూసి వచ్చింది కాదు సార్. రోజూ చేసిన చెయ్యి అది. మా అమ్మాయి కూడా వీడియో చూసి జడ అల్లుతుంది. చూస్తే కాకి గూడులా..."

"గుమస్తా గారూ, నల్ల బూట్లు కావాలన్నాం కదా."

"తెస్తా మేడమ్. సైజు ఎంత సార్?"

"ఎనిమిదో తొమ్మిదో. రెండూ పట్టుకురా. నిదానంగా రా, తొందరేం లేదు."

"అలాగే సార్. కుర్చీ వెయ్యమంటారా?"

"వద్దు. వెళ్ళు."

"పాపం, ఆయన మీద విసుక్కుంటారెందుకు?"

"ఇంక వినేవాళ్ళెవరూ లేరు. చెప్పు. రోజూ చేసిన చెయ్యట. ఉన్న మాటే అన్నాడు ఆయన."

"ఆయన కొట్లో మనిషి. పొగిడితే కొంటామని అంటాడు."

"సరే. విప్పు. మళ్ళీ కట్టు."

"ఎందుకూ, బాగానే ఉందిగా?"

"కట్టమంటున్నా. ఈసారి నా ముందుకొచ్చి కట్టు. నీ మొహం చూడాలి నేను."

"పిల్లాడిలా ఏంటండీ ఇది. సరే, వంగండి. ఈ కొస ఇటు... కాదు, అటు... ఉండండి. ఇది లోపల నుంచి..."

"ఊఁ?"

"రావట్లేదు."

"వీడియోలో వెనకనుంచే చూపించారా?"

"ముందు నుంచి నాకు రాదండీ."

"ముందు నుంచి రాదు. వెనకనుంచి మాత్రం కళ్ళు మూసుకుని వస్తుంది. అంటే ఏంటో నాకు అర్థం కాదనుకుంటున్నావా? వాడు అద్దం ముందు నించుంటాడు. నువ్వు వెనకనుంచి చేతులేసి, వాడి భుజం మీద గడ్డం పెట్టి, అద్దంలో వాణ్ణి చూసి నవ్వుతూ..."

"అంత సినిమా ఎప్పుడు తీశారు మీరు?"

"నవ్వకు. నా ఒళ్ళు మండిపోతోంది. ఎవడు వాడు?"

"వాడూ లేడు వీడూ లేడు. మెల్లిగా మాట్లాడండి, కిందికి వినపడుతుంది."

"మీ బావేనా?"

"మా బావా! చొక్కా గుండీలు ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా పెట్టుకుని తిరిగే మనిషి. ఆయనకి బో టైయా? మా అత్త వింటే పడీ పడీ నవ్వుతుంది."

"మన పెళ్ళిలో నీ పక్కనే తిరిగాడు."

"భోజనాల లెక్క ఆయనకి అప్పజెప్పారు కాబట్టి తిరిగాడు."

"అయితే బయటివాడు. బాగా డబ్బున్నవాడు. ఇలాంటి కోట్లు ఊరికే ఎవడేసుకుంటాడు? కోటు చెయ్యి ఎంతుండాలో, బెల్టు పెట్టాలో వద్దో, కాలరు ఎలా మెరవాలో... ఇంటికి పెయింట్ వెయ్యాలంటే రంగు నన్ను అడుగుతావ్. మగాడి కోటు సంగతి మాత్రం నీకు కంఠతా వచ్చు."

"వస్తే తప్పేంటి? మీకే కదా పనికొచ్చింది."

"వాడి కోసం నేర్చుకున్నది నాకు పనికొచ్చిందా! ఎంత మాటన్నావే!"

"నేనలా అన్నానా?"

"అదే అన్నావ్. పెళ్ళయి నాలుగేళ్ళయింది. ఒక్కసారైనా నా కాలరు సర్దావా? పొద్దున్నే టిఫిన్ డబ్బా చేతిలో పెట్టి తలుపేసుకుంటావ్. నీ చేతులు ఇంత నాజూగ్గా కదులుతాయని నాకు ఇవాళ ఈ కొట్లో తెలిసింది. ఎవడికి కట్టావో గానీ వాడికి మాత్రం మొదట్నుంచీ తెలుసు."

"అయ్యో రామా. ఇదా మీ బాధ?"

"ఇది చాలదా? చెప్పు, నాకంటే పొడుగా?"

"ఎవరు?"

"ఆ మెడవాడు."

"సరే, చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా. మీకంటే పొట్టే ఆ మనిషి."

"అంటే ఉన్నాడన్నమాట!"

"అడిగారుగా, చెప్పాను."

"పొట్టా... పొట్టయితే ఏంటి. అందగాడా?"

"ఏమో, నేనెలా చెప్పను. ఆ బట్టలు బాగానే నప్పేవి అనుకుంటా."

"అనుకుంటావా! ఇంకా తలుచుకుంటున్నావా? ఎన్నిసార్లు కట్టావ్?"

"రోజూ."

"రోజూ!"

"ఆదివారాలు కూడా. ఆదివారాలే ఎక్కువ తొందర."

"సెలవు రోజు కూడా వదల్లేదా! ఇంక చాలు. విప్పెయ్. కోటు వద్దు, చొక్కా వద్దు. టూరు కూడా వద్దు."

"ఏంటా మాటలు? ఏడాదంతా కాళ్ళరిగేలా తిరిగి పెయింట్ డబ్బాలు అమ్మితే వచ్చిన టూరు. రాష్ట్రం మొత్తం మీద పదిమందికే ఇచ్చారని మీరే కదా ఇంటింటికీ చెప్పొచ్చారు?"

"చెప్పాను. ఇప్పుడు వెళ్ళట్లేదని కూడా చెప్తాను. ఓడ ఎక్కితే ఏమవుతుంది? చివరి రోజు చైర్మన్ గారి విందు. మగాడన్నవాడు ప్రతివాడూ ఈ నల్ల కోటులో, ఈ టైలో వస్తాడు. ఎటు చూసినా ఇవే బట్టలు. ఒక్కొక్కణ్ణి చూసినప్పుడల్లా నీకు వాడు గుర్తొస్తాడు. నేను నీ పక్కనే కూర్చుని బొమ్మలా నవ్వాలి. నా వల్ల కాదు."

"కోటు లాగకండి, భుజం కుట్టు ఊడుతుంది. ఏవండీ! ఇటు చూడండి."

"చూడను."

"మీరు నిజంగానే రానంటున్నారా?"

"నిజంగానే. రేపు పొద్దున్నే ఆఫీసుకి ఫోన్ చేస్తా. ఎవడో తెలియకుండా నేను నీతో ఓడ ఎక్కను. ఓడ సంగతి తరవాత, ఇంటికెళ్ళాక కూడా ఎలా ఉంటానో నాకే తెలియడం లేదు."

"సార్, ఎనిమిదీ తెచ్చాను, తొమ్మిదీ తెచ్చాను. ఇవి మెరిసే తోలు, ఇవి మామూలువి. మేడమ్, మీరేమంటారు?"

"మామూలువి. అక్కడ పెట్టండి, తొడుక్కుని చూస్తారు."

"సార్ మొహం అలా ఉందేంటి? కాలరు బిగిసిందా?"

"బిగిసింది. వదులు చెయ్యడానికి నీ దగ్గరేమైనా ఉందా?"

"ఇంకో సైజు చొక్కా ఉంది సార్."

"పట్టుకురండి గుమస్తా గారూ. కిందే ఉంటుందిగా? కొంచెం వెతికి, మంచిది చూసి తెండి."

"అర్థమైంది మేడమ్. పెళ్ళాంతో వచ్చిన మగాళ్ళు ఈ అద్దం ముందు ఓ గంట పోట్లాడుకోవడం మామూలే. నేను కిందే ఉంటా. కేకేయండి."

"వెళ్ళాడు. ఇప్పుడు చెప్పు."

"చెప్తాను. విన్నాక మీ అమ్మగారికి చెప్పనని మాటివ్వండి."

"అమ్మకి కూడా చెప్పుకోలేనంతదా!"

"మాటివ్వండి ముందు."

"ఇచ్చాను. త్వరగా చెప్పు."

"పెళ్ళికి ముందు నేను హోటల్లో లెక్కలు రాసేదాన్నని మా నాన్న మీవాళ్ళకి చెప్పారు కదా. అబద్ధం అది. నేను లెక్కలు రాయలేదు."

"మరి?"

"వడ్డించేదాన్ని. పై హాల్లో, పెద్దవాళ్ళ విందులకి. ఆడా మగా అందరికీ ఒకటే బట్టలు. నల్ల కోటు, తెల్ల చొక్కా, ఇదే బో టై. మా మీద అజమాయిషీకి ఒక పెద్దాయన ఉండేవాడు. హుక్కు టై కనపడితే మెళ్ళోంచి పీకి చెత్తబుట్టలో పడేసేవాడు. కట్టడం రాకపోతే హాల్లోకి అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. సాయంత్రం అయితే బట్టలు మార్చుకునే గదిలో ఒకటే అద్దం, మేం పన్నెండుమందిమి. తోసుకుంటూ, తిట్టుకుంటూ కట్టుకునేవాళ్ళం."

"కట్టుకునేవాళ్ళం... అంటే..."

"ఆ మెడ నాదేనండీ. రెండేళ్ళు నా మెడకి నేనే కట్టుకున్నా. అందుకే ఎదురుగా నించుంటే నాకు చేతకాదు. మీ వెనక నించుని అద్దంలో చూస్తే నాకే కట్టుకుంటున్నట్టుంటుంది."

"నీ మెడా!"

"నా మెడే."

"పొట్టి మనిషి... రోజూ... ఆదివారాలు ఎక్కువ తొందర... నువ్వేనా!"

"నేనే. మీరు అలా ఉడుక్కుంటుంటే నాకూ కాస్త సరదా వేసింది."

"సరదానా? ప్రాణం పోయిందే నాకు! హమ్మయ్య. ఉండు, కూర్చోనీ. మీ బావని కూడా అనవసరంగా తిట్టాను."

"అనవసరంగానే."

"దీన్ని నాలుగేళ్ళు దాచడం ఎందుకు? వడ్డిస్తే ఏమైంది? దొంగతనమా?"

"పెళ్ళిచూపుల్లో హోటల్లో పని అనగానే మీ అమ్మగారు మొహం చిట్లించారు. లెక్కలు రాస్తుంది అనగానే కాఫీ గ్లాసు అందుకున్నారు. అప్పుడు చెప్పలేకపోయాను. తరవాత ఎప్పుడు చెప్పినా ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటారు కదా, అందుకని..."

"అమ్మ సంగతి వదిలెయ్. నేనేమైనా అనేవాణ్ణా? కట్టు, మళ్ళీ కట్టు. వెనకనుంచే కట్టు. గడ్డం ఎత్తాను, చూడు."

"ఇంక టూరుకి వస్తారా?"

"రాకేం? ఓడంతా నిన్ను వెంటేసుకుని తిరుగుతా. అవునూ... ఏ హోటలు అది?"

"సముద్రం ఎదురుగా, నాలుగంతస్తులది."

"అదా! మా కంపెనీ విందులు అక్కడే అయ్యేవి. పై హాల్లోనే!"

"తెలుసు."

"ఉండు ఉండు. అంటే మా ఏరియా మేనేజరు నిన్ను చూశాడన్నమాట. ఆ మీసాలాడు! వాడూ ఓడ ఎక్కుతున్నాడు. వాడి చూపు అసలే మంచిది కాదు. వాడు నీతో ఏమైనా మాట్లాడాడా?"

"మళ్ళీ మొదలెట్టారా? ఎవరూ మాట్లాడలేదు. అక్కడ మమ్మల్ని ఎవరూ చూడరు."

"ఎందుకు చూడరు? మగాళ్ళ సంగతి నీకు తెలీదు. ఈ నల్ల కోటులో, జుట్టు వెనక్కి దువ్వి ముడేసుకుని, నువ్వు పక్కనే వంగి వడ్డిస్తుంటే చూడకుండా ఎవడుంటాడు? హాలు హాలంతా కళ్ళప్పగించి చూసుంటుంది. తలుచుకుంటేనే కడుపు మండుతోంది."

"ఒక్కరూ చూడలేదండీ. చెయ్యి చూస్తారు, గరిటె చూస్తారు. అంతే."

"నన్ను నమ్మించకు. పెళ్ళికి ముందు ఒకసారి నేనూ వచ్చాను అక్కడి విందుకి. ఆ రోజు నీకు సెలవై ఉంటుంది. లేకపోతే మీ ఇంటికొచ్చి చూసేదాకా ఆగుతానా? అక్కడే, ఆ హాల్లోనే, నీ మొహం చూసిన క్షణమే నిన్ను చేసుకుంటానని లేచి నించునేవాణ్ణి. నా కళ్ళని తప్పించుకునేదానివా నువ్వు?"

"సెలవు కాదండీ. ఆ రోజు మీ టేబులు నాదే. సూపు ఇంకొంచెం కావాలని గిన్నె పైకెత్తారు. మొహం ఎత్తలేదు."