ఉల్టా లేని నెమలి టాపు

షోలాపూర్‌లో కుంఠా నాకా చౌరస్తాలో చంద్రభాగ చాయ్ దుకాణం ముందు బెంచీ మీద రాజారాం కూర్చున్నాడంటే, పక్క షెడ్డులో మగ్గాల చప్పుడు కూడా కొంచెం తగ్గినట్టే ఉంటుంది. ఆ సాయంత్రం షిఫ్టు దిగి వచ్చినవాళ్ళలో ముసలి రామన్న, రాజారాంతో కలిసి చద్దర్లు నేసే వినాయక్ ఉన్నారు. రాజారాం ఒళ్ళో ఒక గుడ్డసంచి పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ ఆనించి, చాయ్ రాకముందే మొదలుపెట్టాడు.

"నా బిడ్డ తృప్తి పూనాల నర్సింగు చదువుతున్నది, మీకెరుకే గద. పోయిన నెల ఫోన్ జేసింది. 'నాన్నా, ఇక్కడ పోరిలందరు వింటేజ్ టాపులు ఏస్తున్నరు' అన్నది. వింటేజ్ అంటే ఏంది బిడ్డా అన్న. పాత జమాన తీరు నాన్నా, చౌకం మెడ, బుట్టచేతులు, జీన్స్ మీదికి ఉత్తగనే ఏసుకుంటరు అన్నది. దుకాణంల రేటు అడిగి ఒట్టి చేతుల్తోని బయటికొచ్చిందట. కొనియ్యి అని ఒక్క మాట అడగలే. అడగకపోతెనే గద మనకు ఇయ్యబుద్ది అయితది? నేనన్న, పాతదే గావాల్నంటే మన పెట్టెల లేని పాతది పూనాల ఏడుంటదే? నేనే కుట్టి పంపిస్త అన్న."

"నువ్వు మగ్గం నడిపేటోడివి కాకా, కుట్టుడు ఎప్పుడు నేర్చినవ్?" అన్నాడు వినాయక్.

"వండేటోనికి తినుడు నేర్పుతరారా? ఇను. పెట్టె తీసిన. మా నాయిన నేసిన నెమలి చద్దర్ ఉన్నది. తృప్తి పుట్టినప్పుడు దాంట్లనే చుట్టి ఇంటికి తెచ్చినం. ఉతికి ఉతికి ఎన్న లెక్క మెత్తగయింది. కత్తెర పట్టిన. మరి కొలతలు? బిడ్డ పూనాల, టేపు షోలాపూర్‌ల. ఏం జేసిన్నో తెలుసా? వీడియో కాల్ పెట్టుమని ఫోన్ మీదనే టేపు పెట్టిన."

"ఫోన్ మీద కొలిస్తే బిడ్డ జానెడు గూడ రాదు గదరా," అన్నాడు రామన్న.

"రాలే. అందుకే ముందుకు రా, ఎనక్కి పో, పక్కకు తిరుగు అన్న. తిరిగితే ఏం జూసిన, బక్కగైంది! తింటున్నవా బిడ్డా అంటే తింటున్న అంటది. హాస్టల్ల ఏం తింటదో ఆ దేవునికెరుక. ఇగ జర ఎక్కువే ఇడిసిపెట్టి కోసిన. తిని ఒళ్ళు జేస్తే సరిపోతది, తినకపోతే వదులుగుంటది. ఎట్లైన మనమే గెలుస్తం."

"మంచిగుంది," అంది చంద్రభాగ పొయ్యి దగ్గర్నుంచి. "గీ దాక నమ్ముత."

"నమ్మకేం జేస్తవ్ అక్కా, ముందున్నది. మా ఇంటిదాని కాళ్ళ కుట్టుమిషిన్ ఎక్కి తొక్కుడు షురూ జేసిన. మొదలు మెల్లగనే. తర్వాత నా కాళ్ళు నాకే కనబడలే. ఇంట్ల కొత్త మగ్గం దించిన్రా అని పక్కింటోళ్ళు చూడొచ్చిన్రు. సూది ఎర్రగ కాలింది, దాని మీద గిన్నె పెడితే చాయ్ కాగుతది. గంతల్నె మా భవాని పేట్ మొత్తం కరెంటు పోయింది!"

"కాళ్ళ మిషిన్‌కు కరెంటెందుకు పోతది కాకా?"

"పోయింది కరెంటోళ్ళది, వచ్చింది నాది! నా మిషిన్ తిరిగిన తిరుగుడుకు గల్లీల బల్బులన్ని ఎలిగినయ్, ఆగిన మగ్గాలు నడిచినయ్. కరెంటాఫీసు సాబు ఉరికొచ్చి దండం పెట్టిండు. 'రాజారాం సేఠ్, జర మెల్లగ తొక్కు, మా మీటర్లు ఎనక్కి తిరుగుతున్నయ్' అన్నడు."

"నా దుకాణంల మాత్రం చీకటే ఉండె," అంది చంద్రభాగ.

"తీగ నాకా దాక అందలే అక్కా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బుట్టచేతులు! కుచ్చు మీద కుచ్చు పెట్టి కుట్టి, దండెం మీద ఏసిన. గాలొచ్చింది. చేతులు రెండు ఉబ్బినయ్. క్లిప్పులు పట్ పట్ ఊడినయ్. టాపు లేసింది. అంచు పట్టుకుంటే నేను లేసిన. నా కాలు పట్టుకుంటే మా ఇంటిది లేసింది, ఆమె చేతిల బీడీల చాట! ఆకులన్ని గల్లీ మీద వాన లెక్క రాలినయ్. బీడీలోళ్ళ కాలనీ, విడీ ఘర్కుల్ మీదికెల్లి పోతుంటే కింద ఆడోళ్ళు తలకాయలెత్తి 'రాజారాం అన్నా, ఏడికి?' అంటున్నరు. 'బిడ్డ కాడికి!' అన్న."

వినాయక్‌కు నవ్వుతో పొలమారింది. రామన్న మాత్రం మొహం ఏమీ కదలకుండా అడిగాడు. "మరి పూనా దాక ఎందుకు పోలే?"

"పోదుననే అనుకున్న. షిఫ్టు టైమైంది, దిగిన."

"అట్ల చెప్పు."

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. పూనాల అయింది ఇంటే నోరు తెరుస్తరు. పోరి ఆ టాపు ఏసి కాలేజికి బయలెల్లింది. స్టాపు లేని తాన బస్సు దానంతటదే ఆగింది. డ్రైవరు దిగి 'తాయీ, ముందల కూసో' అన్నడు. ఎందుకాగదు? టాపు ఇటు చూస్తే ఎర్ర నేల మీద తెల్ల నెమలి, అటు చూస్తే తెల్ల నేల మీద ఎర్ర నెమలి..."

"ఆగు కాకా. ఇటు అంటే ముందు, అటు అంటే ఎనుకనా?"

రాజారాం చేతులు సంచి మీద కొంచెం కదిలాయి. "రెండు ముందే. కుడి సగం ఎర్ర నేల, ఎడమ సగం తెల్ల నేల."

"అయ్యో దేవా! ఒక ముక్క ఉల్టా పెట్టి కుట్టినవ్!"

"చద్దర్‌కు ఉల్టా ఉంటదారా?" రాజారాం గొంతు పెరిగింది. "నువ్వు గూడ నేసేటోడివే గద! మన చద్దర్ ఇటేసి పరుసు, అటేసి పరుసు, ఒక దిక్కు ఎర్ర నేల, ఒక దిక్కు తెల్ల నేల, రెండు మొకాలే. ఇన్నేండ్ల సంది నేస్తున్న, ఇది సీదా, ఇది ఉల్టా అని ఒక్కనాడన్న చూసిననా? నువ్వు చూసినవా?"

వినాయక్ ఆలోచించాడు. "లేదు."

"నేను గూడ చూడలే," అన్నాడు రామన్న. "చూడాల్నని గూడ ఎన్నడు అనిపియ్యలే."

"మరి! అదే ఫ్యాషన్! ఆ రెండు నెమళ్ళను చూసి దవాఖానల పేషెంట్లు మందుల్లేకుండ లేసి కూసున్నరు. అసలు నెమళ్ళు గుట్టలు దిగొచ్చి హాస్టల్ గేటు కాడ లైను గట్టినయ్. తెల్లదాన్ని నేను జేసుకుంట, ఎర్రదాన్ని నేను జేసుకుంట అని కొట్లాట! పెద్దమనుషులు కూసోబెట్టి మాట్లాడినా ఇనలే. ఇగ పురి ఇప్పి ఆడినయ్. నెమళ్ళు ఆడితే వాన రాకుండ ఉంటదా? నడి ఎండకాలంల పూనా మునిగింది! 'సేఠ్, టాపు ఇడ్వమని చెప్పుండ్రి, డ్యాములు పొంగుతున్నయ్' అని ఆడికెల్లి ఫోను. 'గట్లైతే ఇటు పంపుండ్రి, మాకు నల్లా వచ్చి నాలుగొద్దులైంది' అని మనోళ్ళ ఫోను. కాలేజిల మాత్రం ఒక్కరు నవ్వలే. ఒక్కరంటే ఒక్కరు. 'ఏందే ఇది, మీ నాన్న ఉల్టా కుట్టిండా' అని ఎవ్వలు అనలే. బిడ్డ తలకాయ ఒంచుకోలే. ఆ టాపు ఇప్పి బ్యాగుల దాసుకోలే..."

చంద్రభాగ చాయ్ గ్లాసు తెచ్చి అతని ముందు నిలబడింది.

"రాజారాం అన్నా, సంచి పక్కన పెట్టు. చాయ్ ఒలుకుతది."

"ఉండనియ్ అక్కా."

"నిన్న గూడ ఉండనియ్ అన్నవ్. మొన్న గూడ. గా కొరియర్ దుకాణం మెట్ల దాక పోతవ్, మల్లొచ్చి ఈడ కూసుంటవ్. టాపు ఏసుకున్నది, నెమళ్ళు కొట్లాడినయ్, పూనా మునిగింది అంటివి. మరి నీ సంచిలకెల్లి తోక బయట పెట్టిన ఈ నెమలి ఎవలది?"

రాజారాం కిందికి చూశాడు. సంచి మూతిలోంచి ఎర్ర నేల మీద తెల్లతోక బెత్తెడు బయటికి వచ్చి ఉంది. అతను దాన్ని వేలితో లోపలికి తోశాడు. అది మళ్ళీ బయటికి వచ్చింది.

చంద్రభాగ చేతులు కొంగుకు తుడుచుకుని, అడక్కుండానే టాపు బయటికి తీసి విప్పింది. చౌకం మెడ సరిగ్గానే ఉంది. బుట్టచేతుల్లో ఒకటి కొంచెం ఎక్కువ ఉబ్బింది. ముందు సగం ఎరుపు, సగం తెలుపు. రామన్న అద్దాలు పెట్టుకుని నడిమి కుట్టును రెండు చేతులా గుంజి చూశాడు.

"కుట్టు ఊడది," అన్నాడు.

"నీకెట్లుందిరా?" రాజారాం వినాయక్‌ను అడిగాడు. ఇందాకటి 'రాజారాం సేఠ్' ఆ గొంతులో లేడు.

"ఖరం చెప్పాల్నా కాకా, ఉన్నదున్నట్టు? నవ్వొస్తున్నది. మల్ల చూడబుద్ది గూడ అయితున్నది."

"నాయిన నేసిన దుసరా చద్దర్ లేదురా. ఉంటే మల్ల కుట్టేటోన్ని."

"నవ్వుతదో, ఏసుకుంటదో పోరి చెప్పాలె," అంది చంద్రభాగ టాపును మడతపెడుతూ. "అది చెప్పేది గూడ నువ్వే చెప్తే ఎట్ల? లే, కొరియరోడు షట్టర్ గుంజుతున్నడు."

రాజారాం లేచాడు. మెట్ల దగ్గర ఒకసారి ఆగాడు. ముగ్గురూ చూస్తూనే ఉన్నారు. ఎక్కాడు.

తిరిగి వచ్చేటప్పటికి చాయ్ మీద మీగడ కట్టింది. బెంచీ మీద కూర్చుని, ఖాళీ చేతులు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు మోకాళ్ళ మీద పెట్టి, చివరికి గ్లాసు అందుకున్నాడు.

"కొరియరోడు సంచి కాంటా మీద పెట్టిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది కాకా?"

"ఏం కాలే. తీసుకున్నడు."

ముగ్గురూ అతని వంక చూశారు. రాజారాం కథ ఇంత పొట్టిగా ఎప్పుడూ అయిపోలేదు.

"గంతేనా?" అన్నాడు రామన్న.

"గంతే. మిగిలింది పోరి చెప్పాలె," అని రాజారాం జేబులోంచి ఫోను తీసి, చాయ్ గ్లాసు పక్కన బెంచీ మీద సీదాగా, తెర పైకి ఉండేట్టు పెట్టాడు.