తల లేని మనిషి

పిడుగురాళ్ల దగ్గర ఒక హైస్కూలు గోడ మీద, అయిదొందల ఏళ్ల నాటి యూరోపు వాళ్ల ప్రపంచ పటాన్ని పెద్దది చేసి వేస్తున్న పెయింటరు కుంచె ఆపి హెడ్‌మిస్ట్రెస్‌ని పిలిచాడు.

“మేడమ్, మన దేశంలో తల లేని మనిషిని గీశాడండి. కళ్లూ నోరూ ఛాతీ మీదున్నాయి. నేనిది వేయను.”

“అప్పట్లో వాళ్లు అలాగే గీసేవాళ్లండి. పటం గీసినాయన ఇటువైపు రాలేదు. ఎవరో చెబితే విని గీశాడు.”

“వింటే మాత్రం తలకాయ తీసేస్తాడా? మిరప కోతకెళ్తే తలగుడ్డ ఎక్కడ చుట్టుకుంటామండీ?”

“మీరెప్పుడూ చూడని ఊరి బొమ్మ వేయలేదా?”

“వేశాను. పొన్నూరులో ఒక హోటలాయన గోడ మీద లండన్ కావాలన్నాడు. నది గట్టున కొబ్బరిచెట్లు పెట్టి, రెండు గేదెల్ని కూడా తోలాను.”

“ఎవరూ తప్పుపట్టలేదా?”

“లండన్‌లో చదివొచ్చిన ఒకాయన చాలాసేపు చూశాడండి. గేదెలు పాలెన్నిస్తాయని అడిగాడు.”

“అయితే ఈ మనిషినీ ఉన్నట్టే వేసేయండి. పిల్లలు చూసి నవ్వుకోవాలనే వేయిస్తున్నాను. కింద మాత్రం పెద్దక్షరాలతో రాయండి: ‘ఇది గీసినాయన ఇక్కడికి ఎప్పుడూ రాలేదు’ అని.”

పెయింటరు కుంచె రంగులో ముంచాడు.

“రాస్తానండి. ఆదివారం పొన్నూరు వెళ్లి అక్కడా రాసొస్తాను.”