డెంటిస్టు కిటికీ దాకా పెరిగిన కుండ

టైలర్ మాస్టారికి చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కించలేక మిషను మూసేశారు. చేతులు మాత్రం ఊరుకోవు. టీకొట్టు బల్ల మీద కూర్చున్నా గ్లాసు అంచు తడుముతూనే ఉంటారు. అందుకే ఆ సాయంత్రం లిఫ్టు మెకానిక్ కుండల మాట ఎత్తగానే ఆయన దగ్గరికి జరిగారు. మెకానిక్ పక్కన అతని బావమరిది టీ ఊదుకుంటున్నాడు.

"ఏం చెప్పమంటారు మాస్టారూ, డెంటిస్టు ఆస్పత్రి కింద షట్టరు గది లేదూ, అది అద్దెకు తీసుకుని ఒకావిడ కుండలు చేయడం నేర్పుతోంది, సరదాకి ఆదివారాలు నేనూ మా బావమరిదీ వెళ్తున్నాం. మొదటిరోజే ఇంత మట్టిముద్ద చక్రం మీద పెట్టి అరచేత్తో ఇలా అన్నానో లేదో, కప్పు లేచి కూర్చుంది! పైకి లేపడం నాకు వెన్నతో పెట్టిన విద్య కదా, లిఫ్టుల పని!"

"చూపు బాగా ఆనాలా?" మాస్టారు అడిగారు.

"చూపా? నేను కళ్లు మూసుకునే చేస్తాను! ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండోవారం కుండ ఎత్తుకున్నా. మోకాలు దాటింది, భుజం దాటింది, ఆగమంటే ఆగదే!"

"గది కప్పు అడ్డం రాలేదా?" అన్నాడు టీకొట్టాయన.

"వస్తే ఊరుకుంటానా? మెడ వంచి కిటికీలోంచి బయటికి పంపించా. అది సరాసరి డెంటిస్టు కిటికీ దగ్గర తేలింది. ఆయన తలెత్తకుండానే, 'ఇంకాస్త పెద్దగా తెరవండి' అన్నాడు. తెరిచా! ఈలోగా చక్రం వేగానికి వీధి కూడా తిరగడం మొదలెట్టింది, ఇంటికని బయల్దేరినవాళ్లు మళ్లీ ఆఫీసులోనే తేలారు. కుండ మూతి తగిలి మబ్బు చిరిగింది, చూసుకోండి, బయట ఎండ, కుండలో వాన!"

"పచ్చిమట్టి కదా, తడిసి కూలిపోలేదా?" మళ్లీ టీకొట్టాయనే అడిగాడు.

"నేను 'నిలబడు' అన్నాక కూలడమే!"

మాస్టారు తన వేళ్లకేసి చూసుకున్నారు. "ఆదివారం నన్నూ తీసుకుపో. నువ్వే నేర్పు. ఈ చేతులకి ఇంకో పని దొరికితే అంతే చాలు."

"నేనుండగా మీకు వేరే గురువెందుకు మాస్టారూ!"

బావమరిది గ్లాసు కింద పెట్టాడు. ఇంతసేపూ నవ్వుకుంటూ విన్నాడు గానీ, ఈ మాటకి నవ్వు రాలేదు.

"బావా, అంత కుండని చక్రం మీంచి ఎలా తీశావ్?"

"రెండు చేతులా పట్టుకుని ఎత్తా."

"కోయలేదా?"

"కుండని కోయడమేమిట్రా, అదేమన్నా గుమ్మడికాయా?"

"మాస్టారూ, పచ్చికుండ చక్రాన్ని కరుచుకుని ఉంటుంది. అడుగున సన్నతీగ పెట్టి కోస్తేనే వదుల్తుంది. ఊరికే ఎత్తితే చేతికొచ్చేది బురదే. మా బావకి ముద్దని చక్రం మధ్యలో నిలపడమే ఇంకా రాలేదు. అక్కడ కోయాల్సినవన్నీ ఇక్కడ కోస్తున్నాడు."

బల్ల బల్లంతా గొల్లుమంది. మెకానిక్ ఖాళీ గ్లాసునే ఇంకోసారి నోటికెత్తుకున్నాడు.

మాస్టారు మాత్రం నవ్వలేదు. "అయితే చూపు లేకపోయినా చేయొచ్చన్నదీ కోతేనా?"

"కాదు మాస్టారూ, అదొక్కటి నిజం," అన్నాడు బావమరిది. " కళ్లని నమ్ముకుంటే ముద్ద వంకర పోతుందని మా టీచరమ్మే కళ్లకి గుడ్డ కట్టి కూర్చోబెడుతుంది. ముద్ద తిరుగుతుంటే చేతికే తెలిసిపోతుంది."

మాస్టారు వేళ్లు ఒకసారి ముడిచి చాపారు. తర్వాత మెకానిక్ వైపు తిరిగారు.

"ఎన్నింటికయ్యా క్లాసు?"

"తొమ్మిదికి," అన్నాడతను తలెత్తకుండా.

"సరే. గురువు దొరక్కపోతే పోయె, ఒకటో తరగతిలో తోడు దొరికావ్. నా పక్కనే కూర్చో."